వరంగల్లు ఆసుపత్రి లెక్కలు: ఒక పరిశీలన

పురుగుమందుల విషమెక్కి ఆసుపత్రిలో చేరిన వారిని గూర్చి తెలుగునాట వెలువడిన పరిశీలనలలో వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి సంబంధించినది పేర్కొనదగినది. శ్రీనివాసరావు మొదలగువారు 2005లో ఒక వైద్యపత్రికయందు దీనిని ప్రకటించిరి. 1997 నుండి 2002 వరకు ఆ ఒక్క ఆసుపత్రిలో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి 22.6 వంతున మరణించిరి. 2002వ సంవత్సరపు వివరములను విడదీసి చూడగా మూడింట రెండువంతులవారు ముప్పది యేండ్లలోపు వారు. నూటికి 96 మంది తమంతట తామే విషము తీసికొన్నవారు.

ఈ చివరి సంఖ్యను చదువుటలో జాగ్రత్త అవసరము. పురుగుమందుల వలని హాని యంతయు ఆత్మహత్యా ప్రయత్నమేనని దీని అర్థము కాదు. చేలో మందు చల్లుచు తలతిరిగి వాంతి చేసికొన్న కూలి ఇంటికి పోయి పండుకొనును. మహా అయిన ఊరివైద్యునిచేత సూది వేయించుకొనును. పెద్దాసుపత్రి రిజిష్టరులో అతని పేరుండదు. దారిలోనే ప్రాణము పోయినవాని పేరును ఉండదు. గణితోపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము: హారమేదో తెలియక శాతమును నమ్మరాదు.

ఈ వ్యాసము బలము వేరొకచోట నున్నది. అది రోగి మనఃస్థితితో ఆగక సీసామీది పేరును గూడ అడిగినది. మందు పేరు తెలిసిన మరణములలో అధికభాగము మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అను రెండింటి వలననే కలిగినట్లు తేలినది. ఆత్మహత్య తలంపు పలువురిలో క్షణికము. బ్రతికి బయటపడిన వారిలో అత్యధికులు మరల ఆ పనికి పూనుకొనరు. కనుక ఇంటనున్న మందు ఏది అన్న ప్రశ్న చిన్నది కాదు.

కాని 22.6 అను సంఖ్యలో విషము తీవ్రతయు, చికిత్స లోపమును కలిసియున్నవి. మోనోక్రోటోఫాస్ వంటి మందులు నరముల చివర నుండు ఒక ఎంజైమును పనిచేయనీయవు. ఊపిరితిత్తులలో ద్రవము నిండి శ్వాస ఆగును. దీనికి విరుగుడైన ఎట్రోపిన్‌ను, రోగి ఛాతీని వినుచు, అది తేటపడువరకు పెంచుచు ఈయవలెను. ఇచట చాలమందికి తక్కువ మోతాదే, అదియు అందరికి ఒకే విధముగ, ఈయబడినది. రచయితలు దీనిని దాచలేదు. అది వారి నిజాయితీ. అయినను, ఎన్ని మరణములు మందు వలన, ఎన్ని మోతాదు వలన అన్నది ఈ లెక్కనుండి తేలదు.

ఆ చిక్కు శ్రీలంకలో లేదు. అచట 1995లో మోనోక్రోటోఫాస్ మొదలగు తీవ్రవిషములను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపివేసిరి. ఆత్మహత్యలు లక్షమందికి 1995లో 47 ఉండగా 2005 నాటికి 24కు దిగినవి. ఇచట హారము దేశజనాభా, ఆసుపత్రి గడప కాదు. భారతదేశమున సుప్రీంకోర్టు 2011లో ఎండోసల్ఫాన్‌ను ఆపివేసినది. అయితే దానికి ప్రేరణ వరంగల్లు లెక్కలు కావు, కేరళలోని కాసరగోడు ప్రజల అనారోగ్యము.