బీరువా చుట్టూ కోయొద్దు

కార్పెట్ పరిచేది గంట పని. గది ఖాళీ చేసేది పూట పని. మనం బేరమాడేది మాత్రం ఆ గంట పనికే. పూట పనికి బేరమూ లేదు, లెక్కా లేదు. అది ఇంటి ఆడవాళ్ల ఖాతాలో పడిపోతుంది. దసరా దగ్గరికొచ్చింది కాబట్టి ఈ వారం ఆ పూట పని గురించి రాస్తున్నాను.

మా ఊరు నాగల్‌గిద్ద ఇళ్లలోకి వచ్చిన కార్పెట్ ఉన్నిది కాదు, ప్లాస్టిక్ షీటు. నారాయణఖేడ్‌లోనో బీదర్‌లోనో చుట్ట నుంచి కొలిచి కోయించుకొస్తాం. పాత బండల ఇంటికి తక్కువ ఖర్చులో కొత్త కళ వస్తుంది. 2016లో ఊరు మండలమైనప్పటి నుంచి కిరాయి గదుల్లో కూడా ఇదే కనిపిస్తోంది. బండలు మార్పించడానికి ఇంటాయనకు మనసొప్పదు, ఆ బండల మీద పిల్లల్ని పాకనివ్వడానికి కిరాయికున్నామెకు మనసొప్పదు. ఇద్దరికీ మధ్యేమార్గం కార్పెట్.

మట్టి నేలల కాలంలో పండుగ పండుగకూ ఇల్లు ఖాళీ అయ్యేది, అలకాలి కాబట్టి. ఒక సందుగ, రెండు గుమ్ములు, దండెం మీది బట్టలు, నులకమంచం వాకిట్లోకొచ్చేవి. ఇద్దరు మనుషులుంటే పొద్దెక్కకముందే అయిపోయేది. కింద పరుచుకునే గొంగడి సంగతి చెప్పనే అక్కర్లేదు. నల్ల దక్కనీ గొర్రె ఉన్నితో, చింతగింజల గంజి పెట్టి కురుమలు నేసిన ఆ గొంగడిని రాత్రి పరిచి పొద్దున దులిపి మడతపెట్టేవారు. 1851లో లండన్ మహాప్రదర్శన దాకా పోయిన ఓరుగల్లు తివాచీలదీ, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలదీ అదే తీరు. పరుస్తారు, ఎత్తుతారు. గోడ నుంచి గోడకు అతికి కూర్చునే పరుపు మనకు కొత్త. అది వచ్చేనాటికి ఇంట్లోకి బీరువా, డబల్ కాట్, ఫ్రిజ్ వచ్చి కూర్చున్నాయి.

అందుకే మొదటి తగువు బీరువా దగ్గరే.

"అక్కా, బీరువా ఉండనియ్యుండ్రి. దాని సుట్టు కోసేస్త, కనవడది" అంటాడు పరిచే పిలగాడు.

"కనవడకపోతే ఏమాయె తమ్మీ, మల్ల జరపాల్నంటే ఎట్ల?" అంటుంది ఆమె.

ఆమెదే న్యాయం. చుట్టూ కోసిన షీటుకు మూడు అంచులు కొత్తగా పుడతాయి. అంచు ఉన్న చోటల్లా దుమ్ము దూరుతుంది, చీపురు తగిలి లేస్తుంది, వానాకాలం తేలో జెర్రో చేరుతుంది. మర్నాడు ఆ బీరువాను పక్క గోడకు మార్చాలంటే పాత చోట బండల చతురస్రం బయటపడుతుంది. పిలగాణ్ని తప్పుపట్టలేం. బీరువా దించడానికి అతనికెవరూ పైసలియ్యరు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లను అడిగితే అక్కడ ఉన్ని కార్పెట్ గోడ నుంచి గోడకు మేకుల పట్టీలకు లాగి బిగిస్తారని, ఫిట్టర్ వచ్చేసరికి గది ఖాళీగా ఉండాలని, సామాను అతనే జరిపితే మామూలుగా దానికి వేరే రేటని చెప్తారు. ఆ ఒక్క సంగతి మనమూ నేర్చుకోవచ్చు. జరిపే కూలీ ముందే మాట్లాడుకుంటే బీరువా చుట్టూ కోసే మాటే రాదు.

ఇక అసలు కథ నేలది. మా దిక్కు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద తాండూరు బండో షాబాద్ బండో వేసిన ఇంట్లో కొన్నేళ్లకు ఒక బండ లేస్తుంది, ఒకటి కుంగుతుంది. కాలికి అలవాటై మనకు తెలియదు. పలచటి షీటు పరిచామంటే నెల తిరక్కుండా ప్రతి సందూ పైకి గీతలా అచ్చు పడుతుంది, లేచిన మూల దగ్గర షీటు అరిగి చిరుగుతుంది. గది ఖాళీగా ఉన్నప్పుడే పొడవాటి రూల్‌కర్ర నేల మీద నిలబెట్టి చూడాలి. కర్ర కింద వెలుతురు కనిపించిన చోట పల్లం ఉన్నట్టు. సందుల్లోని పాత సున్నం గీకి సిమెంటు నింపి, తడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఈ ఆగడమే ఎవరికీ చేతకాదు. పండుగ నెత్తిమీదుంటుంది మరి.

చెమ్మ ఇంకా మొండిది. పాత ఇళ్లలో బండల కింద మట్టే, అడ్డు పొర ఏదీ ఉండదు. భూమిలోని చెమ్మ బండలోంచి పైకొచ్చి గాలికి ఆరిపోతూ ఉంటుంది. మీద ప్లాస్టిక్ కప్పితే పోయే దారి ఉండదు. బూజు, ముక్క వాసన, ఆపైన పిల్లలకు దగ్గు. చూసుకునే ఉపాయం చిన్నదే. అడుగున్నర చదరం పాలిథిన్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసినప్పుడు లోపలివైపు నీటిచుక్కలున్నా, బండ రంగు ముదిరినా ఆ గదికి ఇప్పుడు కార్పెట్ వద్దు. గది మధ్యలో ఒకటి, బయటి గోడ పక్కన ఒకటి పెట్టాలి. చెమ్మ ఎక్కువగా గోడ పక్కనే దొరుకుతుంది. సగం ఎండాక పరిచెయ్యమనే దుకాణదారు మాట వినకండి.

సామాను తీసే వరుస మా ఇంట్లో ఆడవాళ్లది. నేను కూలీని. గోడలవి, అటక మీదివి ముందు దిగాలి, లేకపోతే ఆ దుమ్మంతా కొత్త షీటు మీద రాలుతుంది. టీవీ వెనక వైర్లు పీకే ముందు ఫోన్‌లో ఫొటో. మంచం బోల్టులు అదే మంచం పట్టెకు సంచిలో కట్టాలి. బీరువా అరలన్నీ ఖాళీ చేసి, తలుపులకు తాళం వేసి, కాళ్ల కింద గోనెసంచి దూర్చి లాగితే పసిపిల్ల కూడా తోస్తుందంటుంది మా అమ్మ. అంత కాదు గాని, ఇద్దరికి వస్తుంది. ఉన్నది ఒకటే గదైతే సామానంతా ఒక సగానికి చేర్చి రెండో సగం పరిచి, చుట్టను అక్కడే ఆపి, సామాను కొత్త సగం మీదికి ఎత్తి పెట్టి మిగతాది పరచాలి. ఎత్తాలి, ఈడ్చకూడదు.

చుట్టను తెచ్చిన రోజే కోయకండి. విప్పి వేరే గదిలో ఒక రోజు పరిచి ఉంచితే చుట్ట వంపు పోతుంది. షీటు ఎండాకాలం సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. తెలంగాణలో చలికి పేరున్న కోహీర్ మనకు దూరమేమీ కాదు. మిట్టమధ్యాహ్నం గోడకు బిగదీసి కోసిన షీటు సంక్రాంతికి వేలెడు సందు చూపిస్తుంది. తలుపు రాసుకుంటుందేమో కూడా ముందే చూసి, అడుగున కొంచెం చిత్రిక పట్టించాలి. పరిచాక తలుపు ఊడదీయడం రెండు పనులు.

తిరిగి సర్దేటప్పుడు బీరువా కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టండి, లేకపోతే నాలుగు గుంటలు. కంది బస్తాలను షీటు మీద నేరుగా పెట్టొద్దు. అడుగున చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడం ఇవ్వాలి. తీసేసిన పాత షీటును పారేసే ఇల్లు మాత్రం మా ఊళ్లో చూడలేదు. అది కళ్లంలోకి పోతుంది. వానొస్తే పట్టా చాలని కుప్ప మీద దాన్నే కప్పి, మీద రాళ్లు పెడతారు.