నాలుకకు కళ్లెమా, నోటికి తాళమా? – యాకోబు 3:1–12 ప్రసంగాలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘాలలో తరచుగా ప్రసంగించబడే వాక్యభాగాలలో యాకోబు పత్రిక 3వ అధ్యాయము ఒకటి. స్త్రీల కూటములలోను, యౌవనస్థుల సదస్సులలోను, సంఘములో కలహము రేగినప్పుడును కాపరులు మొదట తెరచేది ఈ భాగమునే. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్న సామెతతో మొదలై, మాటలు తగ్గించుకొమ్మన్న హెచ్చరికతో ప్రసంగము ముగుస్తుంది. ఇందులో తప్పేమున్నదని అడగవచ్చు. చెప్పినదానిలో తప్పు లేదు, విడిచిపెట్టినదానిలో ఉన్నది. ఈ ప్రసంగ సంప్రదాయమును మూడు ప్రశ్నలతో పరిశీలించదలచాము: ఈ మాటలు ఎవరికి వ్రాయబడినవి? కళ్లెము దేనికొరకు? మాటను దేనితో కొలవాలి?

1. ఎవరికి వ్రాయబడినవి?

ఈ అధ్యాయము బోధకులను గూర్చిన హెచ్చరికతో ఆరంభమవుతున్నది. గ్రీకు మూలములోని మాట 'దిదాస్కలోయి', అనగా బోధించువారు. మన ప్రసంగాలు ఈ మొదటి వచనమును దాటి, నిప్పు, విషము అను చిత్రములయొద్దకు త్వరపడి వెళ్తున్నవి. గ్రంథకర్త మాత్రము అక్కడ ఆగుతున్నాడు. కఠినమైన తీర్పును గూర్చి చెప్పునప్పుడు "మీరు" అనక, ఉత్తమ పురుష బహువచనములో తన్ను కూడ చేర్చుకొంటున్నాడు. అనగా ఈ వాక్యము వేదికమీద నుండి క్రిందికి విసరబడినది కాదు, మొదట వేదికమీద నిలిచినవానికే తగులుతున్నది.

మార్టిన్ డిబేలియస్ తన 1921 నాటి వ్యాఖ్యానములో ఈ పత్రికను నీతిబోధల కూర్పుగా చూచి, భాగాల మధ్య సందర్భ సంబంధమును వెదకనక్కరలేదని తలంచెను. గుర్రము, ఓడ అను చిత్రములు గ్రీకు నీతిబోధకుల వాడుకలో ఉన్నవేనని ఆయన చూపినది అంగీకరింపదగినదే. అయితే అరువు తెచ్చిన చిత్రమైనను దానిని ఎవరి ముందు నిలిపాడన్నది ముఖ్యము. ల్యూక్ తిమోతి జాన్సన్ 1995లో వెలువరించిన వ్యాఖ్యానములో పత్రికను పొందికగల రచనగా చదివెను. 1:19, 1:26, 2:12, 4:11, 5:12 వచనాలను వరుసగా చూచినచో, మాటను గూర్చిన ఈ చింత పత్రిక అంతటా నడుచుట కనబడుతుంది. కనుక మేము రెండవ పక్షమునే సమర్థిస్తున్నాము. సందర్భము తీసివేసినచో యాకోబు బోధ సామెత స్థాయికి దిగిపోవును, బోధకుడు తీర్పునుండి తప్పించుకొనును.

2. కళ్లెము దేనికొరకు?

గుర్రమునకు కళ్లెము వేయునది దానిని శాలలో కట్టివేయుటకు కాదు, వెళ్ళవలసిన దారిని నడుపుటకు. చుక్కాని ఓడను రేవులో ఆపదు, గాలిలో సహితము దాని గమ్యమువైపు త్రిప్పును. రెండు చిత్రములును నడిపింపును గూర్చినవే గాని నిశ్శబ్దమును గూర్చినవి కావు. యాకోబు తానే 5:4లో కూలివారి జీతము బిగబట్టిన ధనవంతులమీద గట్టిగా మాటలాడుచున్నాడు. 2:15–16లో బట్టలును ఆహారమును లేనివారిని వట్టి దీవెనతో పంపివేయు తియ్యని మాటను ఖండించుచున్నాడు. నాలుకకు కళ్లెము వేయమన్న 1:26 ప్రక్కనే, 27లో దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను పరామర్శించమంటున్నాడు. కాబట్టి మృదువైన మాట అంతయు జ్ఞానముగలది కాదు, కఠినమైన మాట అంతయు పాపము కాదు.

మరి మాటలాడుటకు నిదానించమన్న 1:19 మాట ఏమగును? నిదానించుట మానుట కాదు, ముందుగా వినుట. నాలుకను ఏ మనుష్యుడును సాధు చేయలేడన్న 3:8 మాట కూడ నిరాశతో ముగియదు, అది 3:17లోని పైనుండి వచ్చు జ్ఞానమువైపు మనలను నడుపుచున్నది.

ఇక్కడ మా తప్పును ఒప్పుకొనవలసియున్నది. పరిచర్య తొలి సంవత్సరాలలో ఒక సహోదరుడు సంఘ కానుకల లెక్క అడిగెను. మరుసటి ఆదివారము మేము ఈ అధ్యాయమునే ప్రసంగించాము. పేరు చెప్పలేదు గాని ఎవరిని గూర్చి మాటలాడామో అందరికిని తెలిసినది. ఆ కుటుంబము మరల మందిరమునకు రాలేదు. చాలాకాలము తరువాత వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగినప్పుడు ఆయన ఒక్కటే అన్నాడు: "అయ్యగారూ, లెక్క చెప్పకపోయినా ఊరుకునేవాణ్ణి. అందరి ముందర నా నోరు విషమన్నారు." ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆ రోజు కళ్లెము లేనిది మా నాలుకకే.

3. మాటను దేనితో కొలవాలి?

9వ వచనములో యాకోబు మర్యాదను కొలతగా పెట్టలేదు, దేవుని పోలికెను పెట్టెను. అక్కడి 'హోమోయోసిస్' అను పదమే ఆదికాండము 1:26 గ్రీకు తర్జుమాలోను ఉన్నది. దేవుని స్తుతించిన నోరే ఆయన పోలికెను ధరించిన మనుష్యుని శపించినచో ఆ స్తుతియే ప్రశ్నార్థకమగును. కులమునుబట్టి, పేదరికమునుబట్టి సంఘములో ఒకరిని చులకనగా పిలుచుట ఈ కొలతకు లోబడినదే. ప్రార్థన మనవి పేరుతో ఒక ఇంటి గుట్టును వాట్సాప్ గుంపులో పెట్టుటయు అటువంటిదే. అందులో అబద్ధము ఉండకపోవచ్చును, కాని చెప్పబడినవారి అనుమతియు లేదు.

ముగింపు

కాపరులకును, వేదాంత విద్యార్థులకును మా మనవి ఇది. ఈ భాగమును ప్రసంగించుటకు ముందు మొదటి వచనమును మన పేరుతో చదువుకొందము. ఎవరినైనను మనస్సులో పెట్టుకొని ప్రసంగము సిద్ధపరచుచున్నట్లయితే, దానిని ప్రక్కన పెట్టి, మత్తయి 18:15 ప్రకారము ఆ వ్యక్తియొద్దకు ఒంటరిగా వెళ్ళుదము. ప్రశ్నించువారు ఉన్నచో ముందు విని, చెప్పవలసిన లెక్క చెప్పుదము. మాటలాడవలసిన చోట, అనగా జీతము అందని కూలివాని పక్షమున, దిక్కులేనివారి పక్షమున, మౌనము వహించకుందము. వినువారి నాలుకను గూర్చి మాటలాడు అధికారము బోధకునికి అటుపిమ్మటనే కలుగును.