ఎరుపు మిగిలి ఉన్నంత లోతు

సముద్రం అడుగున వీడియో తీసేటప్పుడు లెన్స్ ముందు బిగించే ఎర్రని ఫిల్టర్ దృశ్యానికి ఎరుపును చేర్చదు. నీలాన్నీ ఆకుపచ్చనూ కోసేసి, మిగిలిన కొద్దిపాటి ఎరుపుకు సమానమయ్యే దాకా వాటిని దించుతుంది, అంతే. ఫిల్టర్ ఎంపికలోని మంచిచెడ్డలన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉన్నాయి. చేప ఒంటి మీంచి బయల్దేరిన ఎరుపు కొంతైనా కెమెరాకు చేరుతుంటేనే ఫిల్టర్‌కు పని. ఆ కాంతి దారిలోనే హరించుకుపోతే ఎంత ఖరీదైన గాజైనా దాన్ని తిరిగి పుట్టించలేదు.

ఎరుపును మింగేది నీరే. స్వచ్ఛమైన నీటిలో 650 నానోమీటర్ల ఎర్రకాంతి 5 మీటర్లు ప్రయాణించేసరికి ఐదో వంతు కూడా మిగలదు. 10 మీటర్లకు నూటికి మూడు పాళ్లే ఉంటుంది. 450 నానోమీటర్ల నీలం మాత్రం అదే 10 మీటర్ల తర్వాత కూడా నూటికి తొంభై పాళ్లు నిలిచే ఉంటుంది. నారింజ, పసుపు ఈ రెంటి నడుమ వరసగా తగ్గుతూ పోతాయి. బాగా లోతున డైవర్ వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనిపించేది ఇందువల్లే. దీనికి తోడు కాంతి చెదరడం ఒకటుంది. విశాఖపట్నంలో చిన్నతనం గడిపిన సి.వి. రామన్ 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగి వస్తూ సముద్రపు నీలాన్ని పరిశీలించారు. ఆ రంగు కేవలం ఆకాశం నీడ కాదని, నీటి అణువులే కాంతిని చెదరగొడతాయని మరుసటి ఏడాది ప్రచురించిన పత్రంలో వివరించారు. అలా చెదిరిన నీలమే కెమెరాకూ వస్తువుకూ మధ్య కమ్ముకుని దూరపు పగడాలను వెలవెలబోయేలా చేస్తుంది. ఏ ఫిల్టరూ దీన్ని తొలగించలేదు. వస్తువుకు దగ్గరగా వెళ్లడమే మందు.

కాబట్టి డైవ్ కంప్యూటర్ చూపే లోతు ఒక్కటే లెక్కకు చాలదు. ఎండ పైనుంచి దిగిన దూరానికి, వస్తువు మీద పడి కెమెరాకు వచ్చిన దూరం కలపాలి. 10 మీటర్ల లోతులో ఉన్న కెమెరాకు 2 మీటర్ల ఎడంలోని చేప రంగు 12 మీటర్ల నీటిని దాటి వస్తుంది. 5 మీటర్ల ఎడంలోని చేపదైతే 15 మీటర్ల ప్రయాణం. ఫిల్టర్ ఫ్రేము మొత్తానికీ ఒకటే దిద్దుబాటు చేస్తుంది కనుక ముందున్న పగడం నిజమైన రంగులో వచ్చినా వెనకది నీలంగానే ఉండిపోతుంది. పొద్దు వాలేకొద్దీ కిరణాలు ఏటవాలుగా దిగి ఇంకా ఎక్కువ నీటిని దాటాల్సి వస్తుంది. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా కాసే ఎండే ఫిల్టర్ వీడియోకు అనువైనది. మబ్బు దట్టంగా పట్టిన రోజున ఫిల్టర్‌ను సంచిలోనే ఉంచడం మేలు.

ఫిల్టర్ ఎందుకు, తర్వాత ఎడిటింగులో ఎరుపు పెంచుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఎక్స్‌పోజర్‌లో ఉంది. అన్నిటికన్నా వెలుగు ఎక్కువున్న రంగు మాడిపోకుండా చూసుకుంటూ ఎక్స్‌పోజర్ పెట్టాలి. నీటి అడుగున ఆ రంగు నీలమో ఆకుపచ్చో అవుతుంది. వాటికి తగ్గట్టు పెడితే ఎరుపు అట్టడుగున పడిపోతుంది. 8 బిట్ రికార్డింగులో ఒక్కో రంగుకు ఉండేవి 256 స్థాయిలే. అడుగు స్థాయిల్లో నలిగిన ఎరుపును తర్వాత లాగి పెంచితే దాంతోపాటు నాయిజ్ కూడా పెరిగి చేప ఒళ్లంతా చుక్కలు పడుతుంది. ఫిల్టర్ నీలాన్ని ముందే తగ్గిస్తే ఎక్స్‌పోజర్ పెంచే వీలు దొరుకుతుంది, ఎరుపు పై స్థాయిలకు చేరుతుంది. ఇందుకు ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురును వదులుకోవాలి, అంటే కెమెరాకు అందే కాంతి సగానికో పావుకో పడిపోతుంది. వెలుతురు పుష్కలంగా ఉంటేనే ఈ బేరం గిట్టుబాటు. మసకగా ఉన్న చోట ఐఎస్ఓ పెంచక తప్పదు, వద్దనుకున్న నాయిజే మరో దారిలో వచ్చి చేరుతుంది. 10 బిట్‌లో 1024 స్థాయిలు ఉంటాయి కాబట్టి అలాంటి కెమెరా ఉన్నవారికి ఫిల్టర్ అవసరం తగ్గుతుంది. పూర్తిగా పోదు.

ఎంపికలో మొదట చూడాల్సింది నీటి రంగు. తేటగా, నీలంగా ఉండే ఉష్ణమండల సముద్రానికి ఎరుపు లేదా నారింజ కలిసిన ఎరుపు ఫిల్టర్ సరిపోతుంది. తీరం దగ్గర కథ వేరు. నదులు మోసుకొచ్చే కుళ్లిన ఆకుఅలముల సారం, ప్లవకాల్లోని పత్రహరితం నీలాన్ని కూడా పీల్చేస్తాయి. ఇక మిగిలేది ఆకుపచ్చ. దాన్ని తగ్గించేది మెజెంటా ఫిల్టర్. స్వీడన్ శాస్త్రవేత్త నిల్స్ జెర్లోవ్ 1951లోనే సముద్రజలాల్లోకి వెలుతురు ఎంత దిగుతుందో కొలిచి, నడిసముద్రానికీ తీరానికీ వేర్వేరు తరగతులు ఏర్పరిచారు. ఫిల్టర్ల తయారీలోనూ ఇదే విభజన నిలిచింది. గోప్రో నీలి నీటికి ఎరుపును, ఆకుపచ్చ నీటికి మెజెంటాను విడివిడిగా తెచ్చింది. బ్రిటన్ ఫొటోగ్రాఫర్ అలెక్స్ మస్టర్డ్, పీటర్ రోలాండ్స్‌తో కలిసి రూపొందించిన మ్యాజిక్ ఫిల్టర్లలోనూ రెండు నీళ్లకూ రెండు రకాలున్నాయి. హేవ్‌లాక్ అన్న పాత పేరుతోనే ఎక్కువమంది ఎరిగిన స్వరాజ్ ద్వీప్, లక్షద్వీప్‌లోని కద్మత్ వంటి చోట్లకు వెళ్లే తెలుగు డైవర్లు ఎరుపు తీసుకెళ్లాలి. విశాఖ తీరంలో దిగేవారికి సాధారణంగా పనికొచ్చేది మెజెంటా. అక్కడ నీలి నీటి ఫిల్టర్ వాడితే ఆకుపచ్చ పోకపోగా దానికి పసుపు కూడా తోడై వీడియో అంతా బురదగా కనిపిస్తుంది.

తర్వాతది లోతు. 3 మీటర్ల లోపు ఎరుపు ఇంకా బాగానే ఉంటుంది కాబట్టి మామూలు ఫిల్టర్ పెడితే ఇసుక, మనుషులు అన్నీ గులాబీ రంగెక్కుతాయి. అక్కడ స్నార్కెలింగ్ కోసం చేసే లేత ఫిల్టర్ చాలు, లేకపోయినా నష్టం లేదు. 5 నుంచి 15 మీటర్ల మధ్య మామూలు ఎరుపు ఫిల్టర్ తన పూర్తి పనితనం చూపిస్తుంది. 15 దాటాక ముదురు రకం కావాలి. 20 మీటర్ల తర్వాత ఎంత ముదురు గాజు పెట్టినా ఫలితం నిరాశే. ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసిన డైవర్‌కు అనుమతించే లోతు 18 మీటర్లు. ఫిల్టర్ ఏలుబడి కూడా దాదాపు అక్కడితోనే ముగుస్తుంది. ఆ అర్హతతో దిగేవారు అంతకన్నా లోతుకు పనికొచ్చే ఫిల్టర్ల మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

ఫిల్టర్ బిగించినంత మాత్రాన రంగులు కుదరవు. వైట్ బ్యాలెన్స్ చేత్తో పెట్టుకోవాలి. చాలా కెమెరాల్లో ఈ కొలత 10,000 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది. లోతు నీటి వెలుతురు ఆ హద్దుకు ఆవల ఉంటుంది. దాన్ని కెమెరాకు అందేంత దగ్గరికి తెచ్చేది ఫిల్టరే. ఈ రెండూ కలిసి చేసే పని విడివిడిగా ఏదీ చేయలేదు. తెల్లని లేదా బూడిదరంగు పలకను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, సూర్యుడు వీపు వెనక ఉండేలా తిరిగి, ఫిల్టర్‌తోనే కొలత తీసుకోవాలి. ప్రతి మూడు నాలుగు మీటర్ల మార్పుకూ మళ్లీ తీసుకోవాలి. ఆటో మీద వదిలేస్తే నీలిరంగు చేపల గుంపు అడ్డొచ్చినప్పుడల్లా వెనకనున్న నీటి రంగు మారిపోతుంది. చిన్న యాక్షన్ కెమెరాల్లో చాలావాటికి పలక చూపి కొలిచే ఏర్పాటు ఉండదు. వాటి విషయంలో లోతుకు తగిన ఫిల్టర్ ఎంచుకోవడమే సగానికి సగం పని.

వీడియో లైటుకూ ఎర్రని ఫిల్టర్‌కూ పొసగదు. లైటు వెలుగు రెండు మూడు అడుగుల నీటిని మాత్రమే దాటి వస్తుంది కనుక అందులో ఎరుపు నిండుగా ఉంటుంది. దానికి ఫిల్టర్ కూడా తోడైతే ముందున్నదంతా ఎర్రగా మండుతున్నట్టు కనిపిస్తుంది. లైటు వేస్తే ఫిల్టర్ తీసేయాలి. అందుకే తలుపులా తెరిచి మూసే ఫిల్టర్లు స్క్రూ బిగింపు వాటికన్నా నయం. లైటుకే నీలి ఫిల్టర్ తొడిగి, దాన్ని చుట్టూ ఉన్న నీటి వెలుతురుతో కలిపి, కెమెరా మీద ఎరుపును అలాగే ఉంచే పద్ధతి ఒకటుంది. ఫలితం అద్భుతం, కానీ లైటు శక్తిలో చాలా భాగం అందులోనే పోతుంది. నీటి అడుగున రంగు కోసం వెలుగును వెంట తీసుకెళ్లడం కొత్తేమీ కాదు. 1926లో ఫ్లోరిడాలోని డ్రై టార్టుగాస్ దగ్గర విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి నీటి అడుగున తొలి రంగుల ఫొటోలు తీశారు. గుహలు, నీడన ఉన్న పగడాల అరలు, అరచేతిలో పట్టే చిన్న జీవులు లైటుకు చెందినవి. విశాలమైన పగడపు దిబ్బ, మునిగిన ఓడ, వందల చేపల గుంపు ఫిల్టర్‌కు చెందినవి. ఏ లైటూ అంత మేర వెలిగించలేదు.

బిగింపు గురించి రెండు మాటలు. హౌసింగ్ బయట పెట్టే ఫిల్టర్‌కూ అద్దానికీ మధ్య గాలి బుడగ చిక్కుతుంది. నీళ్లలో దిగగానే ఒకసారి తీసి, నీరు నిండాక మళ్లీ పెట్టాలి. లోపల అతికించే పలుచని జెల్ ఫిల్టర్‌కు గీతలు పడవు, బుడగలు రావు, కానీ డైవ్ అయ్యేదాకా తీయడం కుదరదు.

2019లో దెర్యా అక్కయ్‌నాక్, తాలీ త్రైబిట్జ్ ప్రకటించిన సీ-త్రూ అనే కంప్యూటర్ పద్ధతి, తీసిన దృశ్యంలోని ఒక్కో బిందువు ఎంత దూరంలో ఉందో లెక్కించి అంత మేరకే రంగు దిద్దుతుంది. ఫిల్టర్ చేయలేనిది సరిగ్గా ఇదే. అయినా కెమెరాలోకి చేరని ఎరుపును నాణ్యంగా రాబట్టడం దానికీ కష్టమే.

కొత్తగా కొనేవారికి నీలి నీటికి మామూలు ఎరుపు ఒకటి, తీరపు నీటికి మెజెంటా ఒకటి, ఒక తెల్లని పలక చాలు. కొలత తీసుకునేటప్పుడు మాత్రం ఇసుక మీదుగా తేలుతూనే తీసుకోవాలి. పలక పట్టుకోవడానికి ఒక చేయి, కెమెరాకు ఇంకో చేయి పోగా నిలకడ తప్పి మోకాళ్లు పగడం మీద మోపేవారు కనిపిస్తూనే ఉంటారు. దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి ఉన్న జాబితాలోనే ఉన్నాయి. రెండు చేతులూ పనిలో ఉండగా కదలకుండా తేలడం ఇంకా చేతకాని వారు కెమెరాను పడవలోనే వదిలి దిగాలి.