తునకల్లో పనితనం

విరిగిన ముక్కకు ఇంగ్లీషులో మాటలు చాలా ఉన్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తే కుదరదు. వడ్రంగి పెట్టెలో ఉలుల్లాగా దేని పని దానిదే.

షార్డ్ అంటే గాజో పింగాణీయో మట్టికుండో పగిలితే మిగిలే పెంకు. పాత ఇంగ్లీషులో దీని పూర్వరూపానికి గండి, నొక్కు అనే అర్థం కూడా ఉండేది. కత్తిరించడాన్ని చెప్పే షియర్ దీనికి చుట్టం. ఆ పదును ఇప్పటికీ మాటలో ఉంది కాబట్టే రొట్టె ముక్కను ఎవరూ షార్డ్ అనరు. స్లివర్ చీల్చడాన్ని చెప్పే పాత క్రియలోంచి పుట్టింది. అందుకే అది పొడుగ్గా, సన్నగా, పలచగా ఉండాలి. స్ప్లింటర్ డచ్చి వైపు నుంచి వచ్చింది. వేలిలో గుచ్చుకునే పేడు అదే. క్రంబ్ రొట్టె రాల్చే పొడి. దాని చివర రాసే 'బి' నోటితో పలికేది కాదు, మొదట్లో రాతలోనూ లేదు.

ఇవన్నీ ఏది విరిగిందో, ఎలా విరిగిందో ఎంతో కొంత చెబుతాయి. పూర్తిగా ముక్కముక్కలు కావడాన్ని చెప్పే స్మిదరీన్స్‌కు ఆ రెండూ పట్టవు. ఎంతగా విరిగిందన్నదే దాని లెక్క. కుండైనా కారైనా పరువైనా స్మిదరీన్స్ కావచ్చు.

ఆ ఒక్క పనికి ఈ మాటను ఎంత బాగా కూర్చారో విప్పి చూస్తే తెలుస్తుంది. ఇది ఐర్లండ్ సరుకని ఎక్కువమంది నిఘంటుకారుల అభిప్రాయం. ఐరిష్ భాషలో స్మిడర్ అంటే ముక్క. దానికి 'ఈన్' తగిలిస్తే చిన్న ముక్క, స్మిడిరీన్. ఐరిష్ వాళ్లు ఈ ప్రత్యయాన్ని ధారాళంగా వాడతారు: దారిని చెప్పే బోహర్‌కు చేరిస్తే ఊరి సందు బోరీన్, కుండను చెప్పే పొటాకు చేరిస్తే ఇంటిసారా పొటీన్. చిన్నతనంతో పాటు కాస్త ముద్దు కూడా ఈ ప్రత్యయంలో ఉంది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు రాతల్లో మధ్య ధ్వని 'డ'గానే కనిపిస్తుంది; తర్వాత అది 'ద'గా మెత్తబడింది. ఇంగ్లీషు తన బహువచనపు 'స్' కూడా చేర్చింది. ముక్క, అందులో చిన్నది, అలాంటివి బోలెడు: మూడు భాగాలూ కలిస్తే సర్వనాశనం.

ధ్వనిలోనూ నేర్పుంది. మొదట పొట్టి అక్షరాలు గబగబా దొర్లుతాయి, ఊనిక వెళ్లి సాగిన 'రీన్' మీద పడుతుంది. ముక్కలు దూరంగా ఎగిరిపడ్డట్టే వినిపిస్తుంది. స్మాష్ అనే క్రియతో జత కడితే మొదటి ధ్వనులు కూడా కలుస్తాయి. నా మటుకు నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఆ ముద్దు ప్రత్యయమే. ఘోరం జరిగిపోయిందని చెబుతూనే మాట కొంచెం నవ్వుతుంది. అందుకే కార్టూన్లలో పేలుళ్లకు ఇది అంత బాగా అతుకుతుంది.

మన తునాతునకలు ఇదే పనిని ప్రత్యయంతో కాక మాటను రెట్టించి చేస్తుంది. అదీ బహువచనంలోనే ఉంటుంది. ఒక తునాతునక అని ఎవరూ అనరు. స్మిదరీన్స్ వాడేటప్పుడూ ఇది గుర్తుంచుకోండి. దాని ముందు తరచుగా 'టు' ఉంటుంది, వెనక మాత్రం 'స్' ఉండాలి. కప్పు అంచున చిన్న పెచ్చు లేచిపోతే చిప్ అనండి, చాలు.