గెడ మీది, మొవ్వ మాది

పోయిన వారం అనకాపల్లి నుంచి చోడవరం వెళ్తుంటే రోడ్డు పక్క చెరకు మడిలో మంట. గెడలు నరికి బండికెత్తేశారు. మిగిలిన ఎండాకుతో పాటు గెడల తలలు, ఆ పచ్చి మొవ్వలు కూడా చిటపటలాడుతూ కాలుతున్నాయి. ఎండాకు కాల్చడం ఎప్పుడూ ఉన్నదే. పచ్చి మొవ్వ కాల్చడమేంటి! ఈ కాలమ్ చదివేవాళ్లకి నా చాదస్తం తెలుసు. పుచ్చ తొక్క, బియ్యం కడుగు, చిక్కుడు ఈనెలు, ఏదీ ఊరికే పోనివ్వను. ఇంట్లో నా పేరు తొక్కల మాస్టారు.

ఇంటికొచ్చి కోపంగా కూర్చున్నాను. రాయాల్సింది మంట గురించి అయినా మనసు చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ మీదికి పోయింది. పశువు నోటి దగ్గరి తీపిని ఇథనాల్ లాక్కుపోతోందన్నది నా పాత గోల. నూరు కిలోల చెరకు ఆడితే నాలుగు, నాలుగున్నర కిలోల మొలాసిస్ దిగుతుంది. అది కార్ల ట్యాంకులోకి పోతోంది, ఆవులకి లేదు అని ఘాటుగా ఒక పేజీ రాశాను. తర్వాత చరిత్ర తిరగేస్తే నా పేజీ నాకే నిలబడలేదు.

1932లో విదేశీ చక్కెర మీద రక్షణ సుంకం వేశాక మనదేశంలో మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. ముప్ఫై చిల్లర ఉన్నవి నాలుగైదేళ్లలో నూరు దాటాయి. చక్కెర అమ్ముకున్నారు గానీ మొలాసిస్‌ని ఏం చేయాలో తెలియక తలలు పట్టుకున్నారు. ఆవులకి పెడదామన్న మాట పెద్దగా వినపడలేదు. స్పిరిట్ తీసి పెట్రోల్లో కలపాలన్న ఆలోచన మాత్రం అప్పటిదే, 1948లో దానికి చట్టమే వచ్చింది. 1961 నాటి కంట్రోల్ ఆర్డరుతో మొలాసిస్ అమ్మకం పర్మిట్ల చేతికి పోయింది. డిస్టిలరీలు ముందు వరసలో నిలబడ్డాయి. కేంద్రం ఆ కంట్రోలు ఎత్తేసింది 1993లో. ఆ తర్వాత మన మొలాసిస్ ఓడలెక్కి నెదర్లాండ్స్, వియత్నాం, ఫిలిప్పీన్స్ పశువుల దాణాలో కలిసింది. 2024 జనవరిలో ఎగుమతి మీద యాభై శాతం సుంకం వేస్తే సంబరపడ్డాను, ఇక మన ఆవులకే అని. ఆ సుంకం వేసింది ఇథనాల్ కోసం.

మన పశువుకి దక్కిన వాటా దాణా బస్తాలో కొంచెం, నాకుడు ఇటుకలో కొంచెం. 1980లలో ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి యూరియా, మొలాసిస్, ఖనిజ లవణాలు కలిపి ఇటుకలా గట్టిగా పోసి ఇచ్చింది. గట్టిగా ఎందుకంటే, యూరియా ఒక్కసారిగా లోపలికి పోతే పశువు చస్తుంది. నాకుతూ నాకుతూ ఉంటే కొద్దికొద్దిగా దిగుతుంది. పొట్టలోని సూక్ష్మజీవులు ఆ యూరియానీ తీపినీ వాడుకుని బలపడి, పక్కనున్న ఉత్త గడ్డిని కూడా బాగా అరిగిస్తాయి. తెలివైన వస్తువు. మా వైపు మాత్రం దాన్ని పశువుల కొట్టంలో కంటే పోస్టర్లోనే ఎక్కువ చూశాను.

మరి ఇన్నేళ్లూ చెరకులో మన పశువు తిన్నదేమిటి? మొవ్వ. మిల్లు లెక్కల్లో గెడ ఉంటుంది గానీ మొవ్వ ఉండదు.

మా పెదనాన్నకి బెల్లం గానుగ ఉండేది. సంక్రాంతి ముందు నుంచి ఊరంతా పాకం వాసన. తెల్లారకముందే నరికేవాళ్లు దిగేవారు, ఎక్కువమంది ఆడవాళ్లే. ఒక్క వేటుకి మొదలు, ఇంకో వేటుకి తల. గెడ ఇటు, మొవ్వ అటు. చెరకాకు అంచు రంపంలా కోస్తుంది, నూగు గుచ్చుకుంటే రాత్రంతా దురద. అందుకని మగవాళ్ల పాత చొక్కాలు వేసుకుని, చేతులకి గుడ్డలు చుట్టుకుని వచ్చేవారు. పొద్దు వాలేసరికి మొవ్వల్ని కుప్ప చేసి, అదే ఆకుని మెలితిప్పి తాడు చేసి, బిగించి కట్టేవారు. కట్ట నెత్తికెత్తుకుంటే మనిషి కనపడదు, ఆకులు నడిచి వెళ్తున్నట్టే. ఒకసారి మా గేదెకని నేనొక కట్ట లాగబోతే ఒకామె గట్టిగా పట్టుకుంది. "గెడ మీది, మొవ్వ మాది బాబూ." పెదనాన్న నవ్వి, "వదిలేయరా, అది వాళ్ల హక్కు" అన్నాడు.

మహారాష్ట్రలోనూ ఇదే పద్ధతి. బీడ్ వైపు నుంచి ఎడ్లబళ్లతో వచ్చే చెరకు కూలీలు మొవ్వల్ని కొంత తమ ఎడ్లకి వేసి, కొంత రోడ్డు పక్కన అమ్ముకుంటారు. 2012-13 కరువులో అక్కడి పశు శిబిరాల్లో గెడలే ముక్కలు కొట్టి మేపారు. చక్కెర మేపి పశువుని బతికించడం ఖరీదైన పనే, అయినా నేను తప్పుపట్టను.

మొవ్వేమీ అమృతం కాదు. దానిలో ఆక్సలేట్లుంటాయి, నెలల తరబడి అదే మేపితే ఒంటికి కాల్షియం అంటకుండా చేస్తాయి. మా పెదనాన్న తన ఎడ్లకి మొవ్వతో పాటు తవుడూ తెలగపిండీ పెట్టేవాడు. కట్ట నెత్తినెత్తుకుపోయినామె ఇంట్లో తవుడు ఎక్కడిది?

మర్నాడు మళ్లీ అటే పోయి ఆ చేనాయనతో మాట్లాడాను. కాల్చొద్దని చెబుదామనే వెళ్లాను. "మా ఇంట్లో గొడ్డు లేదండి. నరికేవాళ్ల ఇళ్లలోనూ లేదు. ఎవరికని కట్టలు కట్టించమంటారు? మొవ్వ ఉంది కదాని కూలి తగ్గిస్తే ఇప్పుడు ఎవరూ రారు" అన్నాడు.

ఆ మాటతో గానుగ దగ్గర ఎప్పుడో విన్న మరో మాట పైకొచ్చింది. కూలి పెంచమని అడిగినప్పుడల్లా పెదనాన్న జవాబు ఒకటే: "మొవ్వ పట్టుకుపోతున్నారుగా!" హక్కు అని నవ్వుతూ వదిలేసింది కూలిలో కోసేసుకున్నదే. దేశంలో అన్నిటికన్నా చవక మేత అని నేనిన్నాళ్లూ మెచ్చుకున్నది ఆ ఆడవాళ్లకి చేతికి రాని డబ్బు. ఇప్పుడు వాళ్లకి కూలి డబ్బుగా వస్తోంది, మొవ్వ మడిలో మిగిలిపోతోంది.

చేనాయన ఇంకో సంగతీ చెప్పాడు. పోయినేడు దగ్గర్లో పాడి షెడ్డు పెట్టిన ఒకాయన మొవ్వ కోసం ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడట. కట్టించడానికి మనిషి కూలి ఇవ్వండి, మొవ్వ ఊరికే పట్టుకుపోండి అన్నాడట ఈయన. "చెత్తకి కూలేంటి" అని ఆ షెడ్డాయన ఖాళీ ఆటోతో వెళ్లిపోయాడట. మంట పెట్టినాయన మీద రాద్దామనుకున్నది మానుకున్నాను. షెడ్డాయన మీద ఒకటి రాయాలనుంది.