వెలుగు పద్దు

ఫ్యూజన్ వార్తలు చదివేవాళ్ల చూపు కోట్ల డిగ్రీల అంకె మీదే ఆగిపోతుంది. నాకు మాత్రం ఆ వేడి ఎటు జారిపోతోందో పద్దు రాసేవాళ్ల పనే ఎక్కువ ఇష్టం.

టోకమాక్ అనే ఫ్యూజన్ యంత్రం నడిబొడ్డున ఉండే ప్లాస్మా, అంటే విద్యుదావేశం నిండిన వేడి వాయువు, కంటికి దాదాపు కనిపించదు. అది వెదజల్లేది ఎక్కువగా అతినీలలోహిత కాంతి, ఎక్స్ కిరణాలు. మామూలు కెమెరాకు చిక్కేది అంచుల్లోని గులాబీ మెరుపే. అందుకే బోలోమీటర్ కావాలి. 1880 ప్రాంతంలో శామ్యూల్ లాంగ్లీ సూర్యకిరణాల వేడిని కొలవడానికి చేసిన పరికరమది. నేటికీ సూత్రం మారలేదు. కొన్ని మైక్రాన్ల మందం లోహపు రేకు, తరచూ బంగారు రేకు, కిరణాలు తాగి వేడెక్కుతుంది. దాని వెనకున్న సన్నని తీగ విద్యుత్ నిరోధం మారుతుంది. పక్కనే కిరణాలు సోకకుండా మూసిన జంట రేకు ఒకటి ఉంటుంది. పరిసరాల వేడి రెండింటికీ ఒకటే కనుక తీసివేతలో పోతుంది, కాంతి తెచ్చిన వేడి మిగులుతుంది. ఫొటోడయోడ్లు ఇంతకంటే చాలా వేగంగా స్పందిస్తాయి కానీ అన్ని రంగుల కాంతినీ సమానంగా చూడవు. మొత్తం ఎంత అన్నదానికి నిదానమైన రేకు మాటే నమ్మకం. అయితే ప్లాస్మా నుంచి తప్పించుకొచ్చిన తటస్థ పరమాణువులు తగిలినా అది వేడెక్కుతుంది. ఆ వాటా వేరుచేయాలి.

ఒక్కో రేకుకు అందేది ఒక గీత వెంట ఉన్న కాంతి మొత్తమే. ఎన్నో దిక్కుల గీతలను కలిపి, సీటీ స్కాన్‌లో లాగే, ఎక్కడ ఎంత వెలుగుతోందో పటం గీస్తారు. అసలు విషయమంతా ఆ 'ఎక్కడ'లోనే ఉంది. జర్మనీలోని గార్షింగ్‌లో ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రానికి 2007 నాటికి గోడలన్నీ టంగ్‌స్టన్‌వే. ఆ లోహం లక్షకు కొన్ని పరమాణువుల చొప్పున నడిమధ్యకు చేరినా చాలు, ప్లాస్మా చల్లబడిపోతుంది. అదే యంత్రంలో నైట్రోజన్‌ను కావాలనే పంపుతారు. అది అంచున వెలిగి, ఒక్కచోట పడాల్సిన వేడిని గోడంతా పరిచి, ప్లాస్మా నుంచి వచ్చే వేడిని అందుకునే డైవర్టర్ పలకలను కాపాడుతుంది. కాంతి కొలతలు చూసుకుంటూ ఆ వాయువు మోతాదును అప్పటికప్పుడు సర్దుతారు.

మధ్యలో వెలిగితే నష్టం, అంచున వెలిగితే రక్ష. భారత్ కూడా భాగస్వామిగా ఫ్రాన్స్‌లో కడుతున్న టోకమాక్ ఐటర్, లోపలి గోడకు అనుకున్న బెరీలియంను వదిలి టంగ్‌స్టన్‌నే ఎంచుకుంది. కనుక ఈ పద్దు అక్కడ మరింత కీలకం. ఇకపై ఫ్యూజన్ రికార్డు వార్త కనబడితే, ఎంత పుట్టిందన్నదే కాదు, ఎంత వెలుగుగా పోయింది, ఎక్కడి నుంచి పోయింది అని కూడా అడగండి.