నామినేషనే వ్యాఖ్య: 2019 నిజామాబాద్ ఎన్నికలో ఓటరు పక్షం, వార్తల తటస్థత

వ్యాససంగ్రహం

ఎన్నికల సమయంలో ఒక పార్టీ వైపు నిలిచి మాట్లాడే ఓటరు వ్యాఖ్యను మన విమర్శ పక్షపాతమని పక్కన పెడుతుంది. పత్రికావార్తను మాత్రం తటస్థమని ఆధారంగా స్వీకరిస్తుంది. 2019 నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికను, అందులో భాగమైన మెట్‌పల్లి ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పక్షం వహించడం వ్యాఖ్యకు దోషం కాదని, ఎదుటి పక్షాన్ని అడిగిన ప్రశ్నను తన పక్షాన్ని అడగకపోవడమే దోషమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎన్నికల భాష, పక్షపాతం, వ్యంగ్యార్థం, పత్రికాభాష, పసుపు రైతులు, మెట్‌పల్లి.

1. ఉపోద్ఘాతం

మెట్‌పల్లి జగిత్యాల జిల్లాలోని పట్టణం. శాసనసభకు కోరుట్ల నియోజకవర్గంలోకి, లోక్‌సభకు నిజామాబాద్ నియోజకవర్గంలోకి వస్తుంది. 2019 ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలో నిజామాబాద్ నుంచి 185 మంది అభ్యర్థులు నిలిచారు. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపు, ఎర్రజొన్న పంటలకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు ఏర్పాటు వారి ప్రధానమైన కోరికలు. ఈ ఎన్నికపై రాజకీయశాస్త్ర దృష్టితో చర్చ జరిగింది. భాషాసాహిత్య దృష్టితో పరిశీలించవలసిన అంశాలూ ఇందులో ఉన్నాయి. ఓటరు మాట, పార్టీ నినాదం, అభ్యర్థి పత్రం, పత్రికావార్త అన్నీ పాఠాలే. ఏ పాఠం ఏం చెప్పింది, ఏం దాచింది అని అడగడం విమర్శకుని పని. ఈ వ్యాసకర్త కూడా ఈ ప్రాంతపు ఓటరే. కాబట్టి ఇక్కడ ప్రతిపాదించే కొలత వ్యాసకర్తకూ వర్తిస్తుంది.

2. అధ్యక్ష తరహా ప్రచారంలో పక్షం

మన దేశంలో రాష్ట్రపతిని సామాన్య ఓటరు నేరుగా ఎన్నుకోడు. పార్లమెంటుకు, శాసనసభలకు ఎన్నికైన సభ్యులే ఎన్నుకుంటారు. 1969లో తెలుగువారైన వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి పోటీపడినప్పుడు కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. అయినా అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమని ఇందిరాగాంధీ కోరారు. గిరి గెలిచారు. ఒక వర్గానికి అంతరాత్మగా కనిపించినది మరొక వర్గానికి క్రమశిక్షణా రాహిత్యంగా కనిపించింది. పక్షం మారితే అదే చర్యకు పేరు మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేని సామాన్యునికి లోక్‌సభ ఎన్నికనే అధ్యక్ష ఎన్నికలా చూపడం ఇటీవలి ప్రచారాల తీరు. 2019లో జాతీయస్థాయి ప్రచారం నరేంద్ర మోదీ చుట్టూ తిరిగింది. తెలంగాణలో అధికారపక్షం ‘సారు, కారు, పదహారు, ఢిల్లీలో సర్కారు’ అన్న నినాదంతో వచ్చింది. ఇందులో సారు ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు, కారు పార్టీ గుర్తు, పదహారు గెలవదలచిన స్థానాల సంఖ్య. అంత్యప్రాస చక్కగా కుదిరింది. కానీ ఆ ప్రాసలో నియోజకవర్గానికి గాని, అభ్యర్థికి గాని, పంటకు గాని చోటు లేదు. మోదీ పేరుతో సాగిన ప్రచారంలోనూ ఇదే లోపం ఉంది. ఒకవైపు ప్రధాని పేరు, మరొకవైపు ముఖ్యమంత్రి పేరు నిలిచాయి. నిజామాబాద్‌లో సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ముఖ్యమంత్రి కుమార్తె కావడంతో ఈ పోలిక మరింత బలపడింది. ఇటువంటి ప్రచారం ఓటరును ఒకే ప్రశ్న అడుగుతుంది: నువ్వు ఎవరి మనిషివి? ఆ తరువాత ఓటరు పక్షం వహించి మాట్లాడితే ఆ తప్పు అతనిదే అనడం న్యాయం కాదు.

3. నామినేషన్: వాచ్యం, వ్యంగ్యం

ఈ రెండు పేర్ల మధ్య మూడో మాటగా వచ్చినవి రైతుల నామినేషన్లు. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే నామినేషన్ పత్రానికి వాచ్యార్థం ‘నేను అభ్యర్థిని’ అని. వ్యంగ్యార్థం ‘నా పంటకు ధర లేదు’ అని. 170 మందికి పైగా ఒకే స్థానానికి పోటీపడినప్పుడు వాచ్యార్థం నిలవదు. అందరూ గెలవలేరని వేసిన వారికే తెలుసు. వాచ్యం బాధితమైనప్పుడు పాఠకుడు రెండో అర్థం వైపు వెళ్లాలి.

ఈ వ్యాఖ్యకు ఖర్చు కూడా ఉంది. లోక్‌సభకు పోటీచేసే సాధారణ అభ్యర్థి చెల్లించవలసిన ధరావతు ₹25,000. చెల్లిన ఓట్లలో ఆరింట ఒక వంతు కంటే ఎక్కువ రాకపోతే అది తిరిగి రాదు. రైతులు క్వింటాలు పసుపుకు అడిగిన ధర ₹15,000. చాలామందికి అందులో సగం కూడా దక్కని కాలం అది. అంటే ఒక్క నామినేషన్ విలువ మూడు క్వింటాళ్లకు పైగా పసుపు. పోతుందని తెలిసి పెట్టిన సొమ్ము కనుక దానిని మాటకు చెల్లించిన మూల్యంగా గ్రహించాలి. ఈ ప్రాంత రైతులు కొందరు వారణాసి దాకా వెళ్లి ప్రధాని పోటీచేస్తున్న స్థానంలోనూ నామినేషన్లకు ప్రయత్నించారు. ప్రచారం అధ్యక్ష తరహాలో ఒక వ్యక్తి చుట్టూ తిరుగుతున్నప్పుడు ప్రశ్న కూడా ఆ వ్యక్తి దగ్గరికే వెళ్లింది.

4. వార్త లెక్కించినది, లెక్కించనిది

పత్రికలు, టీవీలు ఈ సంఘటనను విస్మరించలేదు. దేశమంతటా ఇది వార్త అయింది. అయితే వార్త ప్రధానంగా లెక్కించినది అభ్యర్థులను, యంత్రాలను. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లు పడతాయి. 185 మందికి నోటా కలిపితే 186. అందుకే ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు అమర్చవలసి వచ్చింది. ఈ ఏర్పాటు నిజంగానే చెప్పదగినది. కానీ వార్త అక్కడే ఆగిపోతే అది వాచ్యార్థం దగ్గర ఆగిన పఠనమే అవుతుంది. సంఖ్య వింతగా మారి, సంఖ్యకు కారణమైన ధర వెనక్కి జరిగింది.

వార్త వివరించవలసిన విషయాలు మూడు ఉన్నాయి. మొదటిది, కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో జొన్న ఉంది గాని పసుపు లేదు. రెండవది, పసుపు అప్పటికే సుగంధద్రవ్యాల బోర్డు పరిధిలో ఉంది. ఆ బోర్డు కేంద్ర వాణిజ్యశాఖ కిందిది. కాబట్టి ప్రత్యేక బోర్డును రాష్ట్రం గాని, ఒక ఎంపీ గాని సొంతంగా ఏర్పాటు చేయలేరు. మూడవది, బోర్డు ఏర్పడినంత మాత్రాన ధరకు హామీ దొరకదు. బోర్డు, ధర అనే రెండు కోరికలు ఒకటే అన్నట్లు ప్రచారం సాగింది. వాటిని విడదీసి చెప్పే పని వార్తది. అది తగినంత జరగలేదు.

దీనికి పత్రికల నిర్మాణంలోనూ ఒక కారణం ఉంది. తెలుగు దినపత్రికల స్థానికవార్తలు జిల్లాల వారీ పేజీలలో వస్తాయి. మెట్‌పల్లి ఓటరు చదివేది జగిత్యాల వార్తలు, ఓటు వేసేది నిజామాబాద్ స్థానానికి. ఆర్మూరులో రైతులు రోడ్డెక్కితే అది ఒక జిల్లా వార్త, మెట్‌పల్లిలో పసుపు రైతు గోడు మరొక జిల్లా వార్త. ఒకే నియోజకవర్గపు సమస్య రెండు పేజీలుగా చీలుతుంది. ఆ చీలికను పూడ్చేది రాష్ట్ర పేజీ. అక్కడికి చేరేసరికి మిగిలేది సంఖ్యే.

పత్రికాభాషలోని రూపకాలు కూడా గమనించదగినవి. ఎన్నిక ‘కురుక్షేత్రం’, అభ్యర్థి ‘గెలుపు గుర్రం’, ఫలితం ‘తీర్పు’. కురుక్షేత్రంలో ఉండేవి రెండే సేనలు. మూడో పక్షంగా వచ్చిన రైతుకు ఆ రూపకంలో స్థానం లేదు. అందువల్ల అతడు ఎవరి సైన్యమో తేల్చడమే పనైంది. నామినేషన్ల వెనుక ప్రతిపక్షాలున్నాయన్న ఆరోపణ ఈ రూపకానికి సహజంగా అతికింది.

5. పక్షం వహించిన మాట: భాషాలక్షణాలు

ఇక ఓటరు మాటకు వద్దాం. కింద చూపిన రూపాలు ఏ ఒక్క వ్యక్తివో కావు, ఈ ప్రాంతపు వాడుకలో అందరికీ తెలిసినవి.

మొదటిది సర్వనామం. తెలుగులో ‘మనం’, ‘మేము’ వేరు. ‘మేం గెలుస్తం’ అన్నవాడు వినేవాణ్ణి బయట ఉంచుతాడు. ‘మనం గెలుస్తం’ అన్నవాడు అతని అనుమతి లేకుండానే లోపలికి లాగుతాడు. ‘మనోడు’ అన్న ఒక్క మాటలో కులం, ఊరు, పార్టీ ఏదైనా ఒదిగిపోతుంది. పక్షం వహించిన మాటకు బలం ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది.

రెండవది ‘అట’. ‘బోర్డు వస్తదట’, ‘ఆయన గెలుస్తడట’ అన్నప్పుడు ఓటరు ఈ మాట తాను చూసింది కాదని, విన్నదని ఒక ప్రత్యయంతో చెప్పేస్తాడు. పత్రికాభాషలో దీనికి సమానమైనవి ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘చర్చ జరుగుతోంది’ అనే రూపాలు. ఎవరికి తెలిసింది, ఎవరి మధ్య చర్చ జరుగుతోంది అన్న ప్రశ్నకు వీటిలో జవాబు ఉండదు. ‘అట’ విన్నమాట అని ఒప్పుకుంటుంది. ‘తెలిసింది’ విన్నమాటకు నిశ్చయరూపం ఇస్తుంది. పక్షపాతి అనిపించుకున్న ఓటరు వాక్యం ఈ ఒక్క విషయంలో తటస్థమనిపించుకున్న వార్తావాక్యం కంటే నిజాయితీగా ఉంది.

మూడవది విపరీతలక్షణ. ‘మస్తు జేశిండు’ అంటే ఏమీ చేయలేదని అర్థం. స్వరాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి అర్థం తలకిందులవుతుంది. ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తరువాత మెట్‌పల్లి ప్రాంతంలో ఈ మాటకు పదును పెరిగింది. అచ్చులోకి వచ్చేసరికి స్వరం పోతుంది, వాచ్యమే మిగులుతుంది. మాండలికాన్ని ప్రామాణికభాషలోకి మార్చి రాసే వార్తలో నష్టపోయేది యాస ఒక్కటే కాదు, అర్థం కూడా.

నాలుగవది ‘ఎట్లున్నా’. ‘ఎట్లున్నా మనోడే’ అన్న వాక్యంలో మొదటి పదం లోపాన్ని అంగీకరిస్తుంది, రెండవ పదం క్షమిస్తుంది. విమర్శ మొదలు కావలసిన చోట వాక్యం ముగుస్తుంది. పక్షం వహించిన మాటలోని అసలు దోషం ఇదే.

6. ఒకే కొలత

ఈ దోషాన్ని కాలక్రమంలో చూడాలి. 2019 మే 23న ఫలితం వెలువడింది. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70,875 ఓట్ల ఆధిక్యంతో కవితపై గెలిచారు. పసుపు బోర్డు తెస్తానని ఆయన బాండు పేపరు మీద రాసిచ్చారు. ఎన్నికల వాగ్దానానికి ఒప్పందపత్రం రూపం తొడగడం ఆ ప్రచారంలోని విశేషం. మాట మీద నమ్మకం పోయిన చోట కాగితం మీద నమ్మకం పుట్టించే ప్రయత్నమది. కవిత కూడా పసుపు బోర్డు కోసం కేంద్రాన్ని కోరినవారే. కోరిక ఇద్దరిదీ ఒకటే, ఇచ్చే అధికారం కేంద్రానిది.

2020లో బోర్డుకు బదులు సుగంధద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం నిజామాబాద్‌కు వచ్చింది. ఒక పక్షం దీనిని బోర్డు కంటే మేలైనదన్నది, మరొక పక్షం మాట తప్పడమన్నది. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రధాని జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. రెండు నెలలు తిరగకముందే జరిగిన శాసనసభ ఎన్నికలో అర్వింద్ కోరుట్ల నుంచే పోటీచేసి కల్వకుంట్ల సంజయ్ చేతిలో ఓడిపోయారు. 2024 లోక్‌సభ ఎన్నికలో నిజామాబాద్ నుంచి మళ్లీ లక్షకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమైంది. అదే ఏడాది జూన్ 29న దాని ప్రధాన కార్యాలయాన్ని అమిత్ షా నిజామాబాద్‌లో ప్రారంభించారు.

ఈ క్రమాన్ని పక్షం వహించిన ఓటరు రెండు విధాలుగా చదువుతాడు. బోర్డు వచ్చింది కనుక మాట నిలిచిందని ఒకరు, అయిదేళ్లకు పైగా ఆలస్యమైంది కనుక మాట తప్పారని మరొకరు. రెండూ వాస్తవాల మీద నిలిచినవే. కానీ మొదటివారు ఆలస్యాన్ని అడగరు. రెండవవారు తమ పార్టీ అధికారంలో ఉండగానే మూతపడిన ముత్యంపేట కర్మాగారాన్ని అడగరు. 2019లో నామినేషన్ వేసిన రైతు మాత్రం రాష్ట్రాన్ని, కేంద్రాన్ని ఒకే ప్రశ్న అడిగాడు. నిజామాబాద్‌లో వేసిన కాగితం, వారణాసికి మోసుకెళ్లిన కాగితం ఒకే పాఠం. అతనికీ పక్షం ఉంది, అది పంట పక్షం. కొలత మాత్రం అందరికీ ఒకటే.

వార్తామాధ్యమాలకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. తెలుగునాట కొన్ని పత్రికలు, ఛానళ్లు ఏ పార్టీకి దగ్గరివో పాఠకులకు తెలియనిది కాదు. పక్షం ఉన్నందుకు వాటిని తోసిపుచ్చనక్కరలేదు. పక్షాన్ని ‘తెలిసింది’ వెనుక దాచినప్పుడు, ఒక ప్రభుత్వాన్ని అడిగిన ప్రశ్న మరొక ప్రభుత్వం రాగానే మానుకున్నప్పుడు తప్పుపట్టాలి.

7. ముగింపు

సంస్కృతంలో పక్షం అంటే రెక్క అనే అర్థం కూడా ఉంది. ఒక పక్షం లేకుండా ప్రజాజీవితంలో మాట లేవదు. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. నామినేషన్ వంటి చర్యను కూడా ధ్వనిప్రధానమైన వ్యాఖ్యగా చదవవచ్చు. వార్తాకథనం వాచ్యం దగ్గర ఆగినప్పుడు సంఖ్య మిగిలి కారణం పోతుంది. ఓటరు మాటలోని ‘అట’ మూలాన్ని ఒప్పుకుంటుంది, ‘ఎట్లున్నా’ విచారణను ఆపుతుంది. మొదటిదానిని విమర్శ గౌరవించాలి, రెండవదానిని నిలదీయాలి.

ఎన్నికల భాషపై పరిశోధించేవారు పత్రికల ప్రతులను ఆధారాలుగా భద్రపరిచినట్లే మార్కెట్ యార్డులలో, బస్టాండ్లలో వినిపించే మాటలను కూడా వాటి స్వరంతో, యాసతో నమోదు చేయవలసి ఉంది. మెట్‌పల్లి వంటి ఊళ్లలో ప్రతి ఎన్నికకూ ఆ మాటలు పుడతాయి. ఫలితం వచ్చిన మరునాటికే గెలిచినవారి కథగా మారిపోతాయి. అలా మారకముందే వాటిని వినడం మన బాధ్యత.